ఉచికో బంతిని పక్కన పెట్టండి: పాత జపాన్ కత్తుల సంరక్షణ కిట్ రివ్యూ

పాత జపాన్ కత్తి కొన్నవాళ్లలో చాలామంది దానితో పాటే ఒక చిన్న చెక్క పెట్టె కూడా కొంటారు. మూత తీస్తే నూనె సీసా, మెత్తటి కాగితం, ఇత్తడి బుల్లి సుత్తి, కర్ర చివర గుడ్డతో చుట్టిన గుండ్రటి బంతి కనిపిస్తాయి. సినిమాల్లో సమురాయ్ కూర్చుని కత్తి మీద టపటపా కొట్టేది ఆ బంతితోనే. దాన్నే ఉచికో అంటారు. తీర్పు ముందే చెప్పేస్తే మేలు: పెట్టె కొనదగ్గదే, కానీ అందులో అందరి కళ్లూ పడే ఆ బంతినే అన్నిటికన్నా తక్కువ వాడాలి. డబ్బు గిట్టుబాటయ్యేది మిగతా వాటితోనే.

ఈ రివ్యూ నిజమైన పాత కత్తుల కోసం. అంటే 1876లో జపాన్ ప్రభుత్వం బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించడానికి ముందువి, ఆ తర్వాత సంప్రదాయ పద్ధతిలోనే కొట్టినవి. గోడకు వేలాడదీసే స్టెయిన్‌లెస్ కత్తికి ఇవేవీ అక్కర్లేదు, పొడి గుడ్డ చాలు. రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక కత్తుల్లో చాలావాటిని ఫ్యాక్టరీ ఉక్కుతో, నూనెలో చల్లార్చి చేశారు. వాటికి నూనె, కాగితం సరిపోతాయి.

బజార్లో ఈ కిట్‌లు రెండు రకాలు. ఒకటి ఆన్‌లైన్‌లో నకలు కటానాలతో (పొడవాటి జపాన్ కత్తులతో) పాటు అమ్మేది, వెయ్యి రెండు వేల రూపాయల్లో వస్తుంది. రెండోది జపాన్‌లో కత్తుల దుకాణాలు అమ్మేది. దాని ధర సుమారు మూడు నాలుగు వేల యెన్‌ల దగ్గర మొదలవుతుంది, మంచి చెక్క పెట్టె, మేలిరకం ఉచికో ఉంటే ఇంకా పైకి పోతుంది. లోపలి సరుకు పేరుకు రెండిట్లోనూ ఒకటే: చోజి నూనె, ఉచికో, నుగుయిగామి అనే తుడిచే కాగితం, నూనె రాయడానికి ఫ్లానెల్ గుడ్డ, మెకుగినుకి అనే సుత్తి. తేడా అంతా నూనె చిక్కదనంలో, పొడి మెత్తదనంలో ఉంటుంది.

సుత్తి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చౌక కిట్‌లోది కూడా పనికొస్తుంది. పిడిలో అలుగును, అంటే కత్తి ఉక్కు భాగాన్ని, పట్టి ఉంచేది ఒక్క వెదురు చీల, మెకుగి. ఆ చీలకు ఒక కొస సన్నం, ఇంకో కొస లావు. సన్న కొస మీద సుత్తికి ఉన్న పొడుపు కడ్డీ ఆనించి తోస్తే అవతలికి వచ్చేస్తుంది. కడ్డీ ఇత్తడిది కాబట్టి చేయి జారినా ఉక్కుకు పెద్ద దెబ్బ తగలదు. మేకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో తొయ్యకండి, చీల కంత చుట్టూ పిడి చెక్క పగులుతుంది. చీల బయటికి వచ్చినప్పుడల్లా గోరుతో గీరి చూడండి. పీచు లేచినా, మధ్యలో నొక్కుకుపోయినా మార్చాల్సిందే. దాని బదులు ఐస్‌క్రీమ్ పుల్ల పెట్టేవాళ్లున్నారు. అది పట్టదు.

నూనె దగ్గర మాత్రం కాస్త ఆగాలి. పేరుకు లవంగ నూనే అయినా, ఇప్పుడు చోజి నూనెగా అమ్మేది చాలావరకు పల్చటి ఖనిజ తైలం, అందులో లవంగం వాసన కాస్త కలుపుతారు. అది లోపం కాదు, అదే కావాలి. మంచిది నీళ్లలా పారుతుంది, గాజు మీద ఒక చుక్క వేసి నెల రోజులు వదిలినా జిగురెక్కదు. చౌక కిట్‌లలో కొన్నిటిలో నూనె పసుపురంగులో, చిక్కగా ఉంటుంది. అలాంటిదైతే పారబోసి కుట్టుమిషన్ నూనె వాడటం నయం. పంటి నొప్పికి మందుల షాపులో ఇచ్చే లవంగ నూనె వేరు. అది గాఢమైన సారం, కత్తికి పెట్టకూడదు. కొబ్బరి నూనె, నువ్వుల నూనె కూడా వద్దు. గాలి తగిలి అవి పాడవుతాయి, జిడ్డు పొరగా మిగిలిపోతాయి, ఆ పొర కింద చేరిన తేమ ఎక్కడికీ పోదు. రెండేళ్ల తర్వాత ఒర నుంచి తీసి చూస్తే అలుగు మీద బెల్లం పాకం రంగు మరకలు కనిపిస్తాయి.

ఎంత రాయాలన్నదే ఎక్కువమంది తప్పేచోటు. కటానా మొత్తానికి, రెండు వైపులా కలిపి, మూడు నాలుగు చుక్కలు చాలు. గుడ్డను నాలుగు మడతలు వేసి చుక్కలు దాని మీద వేసి, నలిపి, అప్పుడు అలుగు మీద నడపాలి. దీపం దగ్గర పెడితే సన్నటి మెరుపు పొర కనపడాలి, బొట్లు కట్టకూడదు. బొట్టు కట్టిన నూనె ఒరలోకి దిగుతుంది, ఒర లోపలి మెత్తటి హోనొకి చెక్క దాన్ని పీల్చుకుంటుంది, ఆ తడికి ధూళి అంటుకుంటుంది. తర్వాత కత్తి తీసిన ప్రతిసారీ ఆ ధూళే అలుగును గీరుతుంది. పాత కత్తుల మీద పొడవునా కనిపించే సన్నటి గీతల్లో చాలా వాటికి కారణం ఇదే.

నుగుయిగామి చేత్తో చేసిన జపాన్ కాగితం. పెట్టెలోంచి తీసిన వెంటనే వాడితే పెళుసుగా ఉంటుంది, అందులో నార ముక్కలు, ఇసుక నలుసులు ఉండొచ్చు. అర చేతుల మధ్య బాగా నలిపి, దులిపి, మళ్లీ నలిపి, పాత బట్టంత మెత్తగా అయ్యాకే కత్తికి తాకించాలి. పాత నూనె తీసేదానికి ఒకటి, చివరి తుడుపుకు ఇంకొకటి విడిగా పెట్టుకోవాలి, కలపకూడదు. చౌక కిట్‌లో వచ్చేది చాలాసార్లు మామూలు రైస్ పేపర్, నలిపితే చిరిగిపోతుంది. అలాంటప్పుడు లోషన్ లేని, సువాసన లేని ముఖం తుడిచే టిష్యూ దానికన్నా మంచిది. లోషన్ ఉన్న టిష్యూతో తుడిస్తే మసక పొర మిగులుతుంది.

ఇక ఉచికో సంగతి. అలుగును సానపట్టేటప్పుడు చివరి దశల్లో వాడే ఉచిగుమొరి అనే రాయిని మెత్తగా నూరి, వడకట్టి, కాగితంలో, ఆపైన గుడ్డలో చుట్టి బంతి చేస్తారు. అలుగు మీద తట్టితే పొడి రాలుతుంది, ఆ పొడి పాత నూనెను పీల్చుకుంటుంది, కాగితంతో తుడిచేస్తే శుభ్రం. వినడానికి బాగానే ఉంది. కానీ ఎంత మెత్తగా నూరినా అది రాతిపొడే. తుడిచిన ప్రతిసారీ అలుగు పైపొర ఎంతో కొంత అరుగుతుంది. మొదట దెబ్బతినేది అలుగు వెన్ను పక్కన ఉక్కు సూదితో రుద్ది అద్దంలా మెరిపించిన భాగం. అక్కడ వెంట్రుకంత గీత పడినా కంటికి ఆనుతుంది. తర్వాత పదును వైపు సానకారుడు తెల్లగా తేల్చిన భాగం మసకబారుతుంది. మంచి ఉచికోతోనే ఏళ్లు గడిస్తే ఇలా అవుతుంది. చౌక కిట్‌లలో కొన్నిటిలో ఆ రాతిపొడి కూడా ఉండదు, సుద్దలాంటి గరుకు పొడి ఉంటుంది. దాంతో ఒక్క సాయంత్రంలోనే పని పూర్తవుతుంది.

పరీక్ష తేలికే. అద్దంలా మెరిసే పాత స్టీలు ప్లేటు వెనక వైపు నాలుగు దెబ్బలు తట్టి, టిష్యూతో ఒకే దిశలో పదిసార్లు తుడిచి, బల్బు కింద వంచి చూడండి. గీతలు లెక్కపెట్టేలా కనపడితే ఆ బంతి చెత్తబుట్టలోకి.

పొడితో ఇంకో గొడవ కూడా ఉంది. అలుగు మొదట్లో ఉండే హబాకి అనే లోహపు తొడుగు సందుల్లో కాస్త పొడి ఎప్పుడూ మిగిలిపోతుంది. కొత్త నూనెతో కలిసి అది ముద్దవుతుంది, కత్తి ఒరలోకి పోయినప్పుడు ఆ ముద్దా లోపలికి పోతుంది. అంటే శుభ్రం చేయడానికి వాడినదే ఒరలో సానపొడిగా కూర్చుంటుంది.

మరి పాత నూనె తీసేదెలా? జపాన్ మందుల షాపుల్లో నీరు లేని ఇథనాల్ దొరుకుతుంది. మన దగ్గర, అమెరికాలో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. టిష్యూను అందులో తడిపి ఒక్కసారి తుడిస్తే చాలు. 70 శాతం శానిటైజర్ రకం వద్దు, మిగతా ముప్పై శాతంలో ఉన్నది చాలావరకు నీళ్లే. పిడి గుడ్డకు, లక్క పూసిన ఒరకు తగలనివ్వకండి. అగ్గి దగ్గర వాడకండి, కిటికీ తెరిచి ఉంచండి. ఆల్కహాల్ ఆరగానే ఉక్కు బట్టబయలవుతుంది. కాబట్టి చూడటం అయ్యాక నూనె రాయడాన్ని రేపటికి వాయిదా వెయ్యొద్దు. ఆల్కహాల్‌కు లొంగని పాత గట్టి పొరలుంటే అప్పుడు, అదీ జపాన్‌లో పేరున్న కొట్టు నుంచి తెచ్చిన ఉచికోతో, నాలుగైదు వేళ్ల ఎడంతో తేలిగ్గా తట్టి తుడవొచ్చు. కొత్తగా సానపట్టించిన కత్తికి మాత్రం అసలొద్దు.

కిట్‌తో వచ్చే సూచనల కాగితం సాధారణంగా బొమ్మలతో సరిపెడుతుంది. చేసే క్రమం ఇది. కింద మందపాటి దుప్పటి పరచి, ఉంగరాలు, గడియారం తీసి, చేతులు కడిగి బాగా ఆరబెట్టుకోవాలి. పదును పైకి ఉండేలా ఒరను ఎడమ చేత పట్టుకుని, ఒర నోటి దగ్గర బిగింపు వదిలే వరకు మెల్లగా లాగాలి, కుదుపుతో కాదు. అక్కడి నుంచి వెన్ను ఒర లోపల ఆని జారేలా ఆగకుండా బయటికి తీయాలి. మధ్యలో ఆగినా, పక్కకు వంచినా ఒరకూ దెబ్బే, అలుగుకూ దెబ్బే. మొన బయటపడేదాకా మాట్లాడకండి. ఆ తర్వాత కూడా అలుగుకు ఎదురుగా మాట్లాడకండి. ఇది మర్యాద కోసం పెట్టిన నియమం మాత్రమే కాదు, ఉమ్మి తుంపర పడిన చోట చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది.

చీల తీశాక పిడి చివరను ఎడమ చేత్తో గట్టిగా పట్టి, అలుగును ఏటవాలుగా నిలబెట్టి, కుడి పిడికిలితో ఎడమ మణికట్టు మీద తేలిగ్గా గుద్దితే అలుగు పిడిలో వదులవుతుంది. రెండు మూడు గుద్దులు పట్టొచ్చు. పొట్టి తాంతో బాకుల దగ్గర ఇంకా మెత్తగా గుద్దాలి. వాటి నకాగో (పిడి లోపలికి వెళ్లే అలుగు తోక) పొట్టిది కాబట్టి గట్టిగా కొడితే అలుగు ఎగిరి బయటికి దూకుతుంది. వదులయ్యాక నకాగోను పట్టుకుని పిడి లాగి, త్సుబా అనే చేతి అడ్డు పళ్లెం, దాని పక్కన ఉండే సెప్పా రేకులు, హబాకి వరుసగా తీసి, తీసిన వరుసలోనే గుడ్డ మీద పేర్చుకోండి. సెప్పాలు చూడ్డానికి ఒకేలా ఉన్నా తారుమారైతే బిగింపు పోతుంది, పిడి గలగలలాడుతుంది.

తుడిచేటప్పుడు కాగితాన్ని వెన్ను వైపు నుంచి మడిచి వేళ్ల మధ్య పట్టి, హబాకి చోటు నుంచి మొన వైపు ఒకే దిశలో నడపాలి. వెనక్కీ ముందుకూ రుద్దితే కాగితం మడత పదును మీదికి జారుతుంది. వేళ్లు తెగేది అప్పుడే.

పిడిలో దాగి ఉండే నకాగోకు మాత్రం ఏమీ చెయ్యకూడదు. ఆల్కహాల్ వద్దు, ఉచికో వద్దు, తుప్పు రిమూవర్ అసలే వద్దు. ఆ నల్లటి గోధుమరంగు చిలుము వందల ఏళ్లలో ఏర్పడింది. కత్తి ఏ కాలానిదో, పొడవు తగ్గించారో లేదో, సంతకం తర్వాత ఎవరో చెక్కిన దొంగ సంతకమో చెప్పే సాక్ష్యం అదే. సంతకం స్పష్టంగా చదువుదామన్న ఆత్రంతో దాన్ని గీకినవాళ్లు కత్తి విలువలో పెద్ద భాగాన్ని అక్కడే పోగొట్టుకున్నారు. పక్క నుంచి వంపుగా టార్చి వేసి ఫొటో తీస్తే అక్షరాలు బాగానే తేలతాయి. 1948లో ఏర్పడిన జపాన్ కళాఖడ్గ పరిరక్షణ సంఘం ఇచ్చే హోజోన్, తొకుబెత్సు హోజోన్, జూయో, తొకుబెత్సు జూయో అనే నాలుగు స్థాయిల ధ్రువపత్రాల కోసం పరీక్షకు పంపితే పరీక్షకులు అలుగుతో పాటు నకాగోను కూడా శ్రద్ధగా చూస్తారు. గీకిన నకాగోను బాగుచేసే కిట్ ఎక్కడా లేదు.

హబాకి సాధారణంగా రాగిది. చాలాసార్లు దాని మీద బంగారు, వెండి రేకు తొడుగుతారు. మన ఇళ్లలో రాగి చెంబు కనపడగానే చింతపండు అందుకునే అలవాటుంది కదా, ఇక్కడ అది పనికిరాదు. మరో అలవాటు దక్కను పాత కత్తులు తెలిసినవాళ్లది. తెలంగాణలోని కోనసముద్రం లాంటి చోట్ల మూసలో కరిగించి చేసిన ఉక్కు నుంచి కొట్టిన కత్తుల మీద అలల వంటి నమూనా తేలాలంటే ఆమ్లం పట్టిస్తారు. జపాన్ అలుగు మీద కనిపించే రేఖలు వేరే దారిలో వచ్చినవి. తమహగనే ఉక్కును మడిచి మడిచి కొట్టడం వల్ల, మట్టి పూసి నీళ్లలో చల్లార్చడం వల్ల ఏర్పడినవి. సానకారుడు వాటిని రాళ్లతోనే బయటికి తెస్తాడు. ఆమ్లం తగిలిస్తే ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి చేయించాలి. ఒక కటానాకు పూర్తి సాన అంటే ఖర్చు లక్షల యెన్‌లలోనే, నెలల తరబడి ఎదురుచూపు అదనం.

కిట్ అసలు విలువ తుప్పు ఆపడంలో సగం, కత్తిని చూడగలగడంలో సగం. నూనె పొర ఉన్నంతసేపు అలుగు మీద వివరాలు సరిగ్గా కనపడవు, అందుకే శుభ్రం చేసిన వెంటనే చూడాలి. గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పి, ఒక్క బల్బు మాత్రం ఉంచి, మొనను బల్బు వైపు చూపి, కొద్దికొద్దిగా వంచుతూ చూడండి. ముందు ఒంపు, పొడవు, మొన ఆకారం, తర్వాత ఉక్కు పొరల గీతలు, ఆ తర్వాత పదును వెంబడి నడిచే హమోన్, అంటే చల్లార్చినప్పుడు ఏర్పడిన తెల్లటి రేఖ. బల్బు ప్రతిబింబం హమోన్ అంచుకు చేరినప్పుడు విడివిడిగా మెరిసే గింజలు కనపడితే అవి నియే. గింజలు విడిగా తెలియకుండా తెల్లటి మంచు తెరలా ఉంటే నియోయి. బిజెన్ ప్రాంతపు కత్తుల్లో నియోయి, సోషూ ప్రాంతపు కత్తుల్లో నియే ఎక్కువగా చూస్తాం. యాసిడ్‌తో గీసిన నకిలీ హమోన్‌లో ఈ రెండూ ఉండవు, చదునైన తెల్లటి పట్టీ మాత్రమే ఉంటుంది. కొనేముందు ఒక్క టిష్యూ, నాలుగు చుక్కల ఆల్కహాల్‌తో దుకాణదారు అనుమతి తీసుకుని ఈ పరీక్ష చెయ్యొచ్చు. ఒప్పుకోని చోట ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఎన్నాళ్లకోసారి? కొత్తగా సానపట్టిన కత్తిని మొదటి కొన్ని నెలలు రెండు వారాలకోసారి తీసి చూడాలి. తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి చాలు. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో వానాకాలమంతా నెలకోసారి చూడక తప్పదు. ఏసీ గదిలో చల్లబడ్డ కత్తిని ఉక్కపోత వరండాలోకి తెచ్చి ఒర తీస్తే అలుగు మీద చెమ్మ పడుతుంది. గది వేడికి కాసేపు అలవాటు పడనిచ్చి తీయండి. అమెరికాలో శీతాకాలం హీటర్ వేసే ఇళ్లలో గొడవ తిరగబడుతుంది. చెక్క ఎండి ఒర వదులవుతుంది, అతుకు దగ్గర పగులుతుంది. షిరసాయా అనే తెల్లచెక్క ఒరను అన్నం జిగురుతో అతికిస్తారు. అవసరమైతే విప్పి లోపల శుభ్రం చేసి మళ్లీ అతికించడానికే ఆ ఏర్పాటు, కాబట్టి ఫెవికాల్ పూసి బిగించెయ్యకండి. ఏ ఊళ్లో ఉన్నా కత్తిని ప్లాస్టిక్ సంచిలోనో తోలు సంచిలోనో ఏళ్ల తరబడి పెట్టకండి.

కొనేవాళ్లకు మాట: జపాన్ కిట్ మొదటి స్థాయిది చాలు, ఖరీదైన పెట్టెకు అదనంగా ఇచ్చేదంతా పెట్టెకే. ఇప్పటికే చౌక కిట్ చేతిలో ఉంటే సుత్తి, గుడ్డ ఉంచుకుని, నూనె, కాగితం కొత్తవి తెచ్చుకోండి. విమానంలో తెచ్చేటప్పుడు సుత్తిని చెకిన్ సామానులో వెయ్యండి, నూనె సీసాను రెండు కవర్లలో చుట్టండి. కిట్ తేవడానికి లైసెన్స్ అక్కర్లేదు. కత్తి తేవడం మాత్రం వేరే వ్యవహారం: జపాన్ నుంచి బయటికి రావడానికి అక్కడి సాంస్కృతిక వ్యవహారాల సంస్థ పత్రం కావాలి, ఇక్కడ 1959 ఆయుధ చట్టం ప్రకారం దిగుమతి అనుమతి సంగతి డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి.